ఇంగ్లీషు మాటకు అర్థం అడిగితే, ముందు వాక్యం అడుగు

చిరంజీవి అమ్మడికి,

అంబాజీపేట నుంచి మావయ్య దీవెనలు. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఇంగ్లీషు నానార్థాలు, పర్యాయపదాలు ఎలా చెప్పాలని అడిగావు. రోజుకు ఇరవై మాటలు బట్టీపట్టి గడగడా అప్పజెబుతున్నారు, వారం తిరిగేసరికి ఒక్కటీ వాక్యంలో పెట్టలేకపోతున్నారు అన్నావు. తప్పు పిల్లలది కాదు. మాటను వాక్యంలోంచి ఊడదీసి, ఎదురుగా ఒక్క తెలుగు మాట రాసి నేర్పే ఆ రెండు వరసల పట్టికది. దాన్ని ఈ వారమే ఆపెయ్యి.

ముందు తెలుగుతో మొదలుపెట్టు. బోర్డు మీద ‘పట్టు’ అని రాసి అర్థం అడుగు. ‘ఏ పట్టు టీచర్?’ అని ఎవరో ఒకరు అంటారు. చేప పట్టడమా, గొడుగు పట్టడమా, మేకుకు తుప్పు పట్టడమా, కాకినాడ వెళ్ళడానికి రెండు గంటలు పట్టడమా, పట్టుచీరా? తెలుగు పిల్లలకు ఆ ప్రశ్న దానంతటదే వస్తుంది. ఇంగ్లీషు మాట ఎదురైనా అదే రావాలి. సంస్కృత నిఘంటువు అమరకోశంలో కూడా పర్యాయపదాల వర్గాలు చాలా ఉన్నా, మూడో కాండలో నానార్థవర్గాన్ని విడిగా పెట్టారు. ఒక వస్తువుకు ఎన్ని పేర్లు అన్నది ఒక పాఠం, ఒక పేరుకు ఎన్ని అర్థాలు అన్నది ఇంకో పాఠం. ఈ రెంటినీ ఒకే రోజు చెప్పకు, పిల్లలు కలిపేసుకుంటారు.

నానార్థాలకు మన డెల్టాలో వాడే మాటలే తీసుకో. ‘లాక్’ అంటే తాళం అని అందరికీ తెలుసు. ధవళేశ్వరం లాకులూ అదే మాట. కాలువలో పై నీరు, కింది నీరు ఒకే మట్టంలో ఉండవు. పడవను మధ్యనున్న గదిలోకి రానిచ్చి, వెనక తలుపులు మూసి, లోపలి నీటిని ముందున్న మట్టానికి తెచ్చి, అప్పుడు ముందు తలుపులు తీస్తారు. మూసి బిగించడం అన్న భావం తాళంలోనూ ఉంది, లాకుల్లోనూ ఉంది. అంటే ఒకే మాటకు రెండు కొమ్మలు. కానీ ‘ఎ లాక్ ఆఫ్ హెయిర్’ అంటే జుట్టు పాయ. అది పుట్టుకలోనే వేరే మాట, కాలక్రమంలో రూపం ఒకటైపోయింది. మన చేప పట్టడానికీ పట్టుచీరకూ ఉన్న తేడా లాంటిదే ఇది. పాపికొండలకు వెళ్ళే లాంచీకీ, రాకెట్‌ను ‘లాంచ్’ చేయడానికీ కూడా చుట్టరికం లేదు.

ఈ తేడా తెలిస్తే లాభం ఏమిటంటావేమో. ఒకే మాట కొమ్మలైతే మూలభావం ఒక్కటి చెప్పి మిగతావి పిల్లల చేతే ఊహింపజేయవచ్చు. వేరు వేరు మాటలైతే ఊహ పనికిరాదు, విడివిడిగా గుర్తు పెట్టుకోవాల్సిందే. ఆక్స్‌ఫర్డ్ కన్సైజ్ లాంటి నిఘంటువుల్లో పుట్టుక వేరైన మాటల్ని వేరే పద్దులుగా వేసి, తలమీద చిన్న అంకె పెడతారు. అయితే కొన్ని విద్యార్థి నిఘంటువుల్లో అదే అంకెను నామం, క్రియ వేరు చేయడానికి వాడతారు. అందుకని బడిలో ఉన్న నిఘంటువుకు ముందు పేజీల్లో రాసిన వివరణ ఒకసారి చదువుకో.

మూలభావంతో చెప్పడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన జంట ‘చార్జ్’, ‘డిశ్చార్జ్’. లాటిన్‌లో బండికి బరువెత్తడం నుంచి వచ్చిన మాట ‘చార్జ్’. ఫోనుకు కరెంటు ఎక్కించడం, వస్తువు మీద రుసుము వేయడం, మనిషి మీద నేరం మోపడం, ఒకరికి బాధ్యత అప్పగించడం అన్నీ బరువు పెట్టడాలే. ‘డిశ్చార్జ్’ అంటే ఆ బరువు దించడం. వరదల రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కుల డిశ్చార్జి అని ప్రతి ఇంట్లో వింటారు కదా, అక్కడినుంచే ఎత్తుకో. ఆసుపత్రి నుంచి రోగి, బ్యాటరీలోంచి కరెంటు, చెవిలోంచి చీము, కేసులోంచి నిందితుడు, తలమీదనుంచి అప్పు, అన్నీ ‘డిశ్చార్జ్’ అయ్యేవే. ‘డిశ్చార్జ్ వన్స్ డ్యూటీస్’ అంటే మాత్రం విధుల నుంచి తప్పించడం కాదు, విధులు నిర్వర్తించడం. పోటీ పరీక్షల్లో పిల్లలు బోల్తా పడేది ఇక్కడే. ఎత్తుకున్న పని చేసి దించుకోవడం అని చెప్పు, ఇక మరిచిపోరు.

‘రన్’ కూడా చెప్పు, కానీ అంతా చెప్పాలని చూడకు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు సంపాదకులు ఆ ఒక్క క్రియకే 645 అర్థాలు తేల్చారు. మనిషి పరిగెడతాడు, నీరు పారుతుంది, ముక్కు కారుతుంది, మోటారు తిరుగుతుంది, బస్సు నడుస్తుంది, కొట్టు నడుపుతారు. తెలుగులో ఇన్ని క్రియలు, ఇంగ్లీషులో ఒకటే. ఆగకుండా సాగడం అన్న భావం పట్టుకుంటే చాలు.

రొయ్యల చెరువుల ఊళ్ళలో పిల్లలకు ‘కౌంట్’, ‘కల్చర్’ తేలిక. కౌంటు అంటే వాళ్ళకు కిలోకు తూగే రొయ్యల సంఖ్య. 30 కౌంటు రొయ్య 100 కౌంటు రొయ్యకన్నా పెద్దదని నీకన్నా వాళ్ళకే బాగా తెలుసు. దాన్నుంచి లెక్కపెట్టడానికి, ‘ఇట్ డజన్ట్ కౌంట్’ అంటే లెక్కలోకి రాదు అనడానికి దారి తియ్యి. కల్చర్‌కు సాగు మూలం. చెరువులో రొయ్యలు, టిష్యూ కల్చర్ అరటి, సంస్కృతి అన్నీ సాగుచేసి పెంచుకునేవే.

మనం తెలుగులో కలిపేసుకున్న ఇంగ్లీషు మాటల దగ్గర జాగ్రత్త. ‘కరెంటు’ అంటే మనకు విద్యుత్తే. ఇంగ్లీషులో అది ప్రవాహం కూడా, ‘ప్రస్తుత’ అన్న విశేషణం కూడా. కరెంటు పోయిందని చెప్పాలంటే ‘పవర్ కట్’ అనాలి. ‘ఐ హావ్ ఎ డౌట్’ మన దేశంలో ప్రశ్న అడగడం. బయటివాళ్ళకు ‘నాకు నమ్మకం లేదు’ అన్నట్టు వినిపిస్తుంది. ‘పాస్ అవుట్’ అంటే చదువు పూర్తిచేయడం అనుకుంటాం, ఇంగ్లండులో స్పృహ తప్పడం అనుకుంటారు. ఇంటి వెనక అనడానికి ‘బ్యాక్‌సైడ్’ వాడనివ్వకు, ‘బిహైండ్ ద హౌస్’ అనిపించు. ‘బ్యాక్‌సైడ్’ పిరుదులకు వాడే మాట.

పిల్లలు అర్థాన్ని తామే పరీక్షించుకునే సాధనం ఒకటి ఇస్తున్నాను. మాటకు అర్థం అడగక, ఆ వాక్యంలో దానికి వ్యతిరేకపదం అడుగు. ‘లైట్’కు ఒకచోట ‘డార్క్’, ఇంకోచోట ‘హెవీ’. ‘హార్డ్’కు ‘సాఫ్ట్’ లేదా ‘ఈజీ’. ‘ఓల్డ్’కు ‘యంగ్’ లేదా ‘న్యూ’. ‘షార్ట్’కు ‘లాంగ్’ లేదా ‘టాల్’. ‘రఫ్’కు గుడ్డ అయితే ‘స్మూత్’, సముద్రమైతే ‘కామ్’. వ్యతిరేకపదం మారిందంటే అర్థం మారినట్టే. ‘హాట్’ చెప్పేటప్పుడు కూర గురించి వాక్యం ఇవ్వు. వేడా, కారమా? వ్యతిరేకంగా ‘కోల్డ్’ వస్తే వేడి, ‘మైల్డ్’ వస్తే కారం.

రెండో సాధనం వ్యాకరణం. కొన్ని నామాలకు చివర ‘ఎస్’ చేరితే అర్థమే మారుతుంది. ‘కస్టమ్’ ఆచారం, ‘కస్టమ్స్’ సుంకాల శాఖ. ‘డ్యామేజ్’ నష్టం, ‘డ్యామేజెస్’ కోర్టు ఇప్పించే నష్టపరిహారం. ‘ఆర్మ్’ చెయ్యి, ‘ఆర్మ్స్’ ఆయుధాలు కూడా. ‘మినిట్’ నిమిషం, ‘మినిట్స్’ సమావేశంలో రాసుకున్న నమోదు కూడా. ముందు ‘ఎ’ ఉందో లేదో కూడా చూడమను. ‘ఐరన్’ ఇనుము, ‘యాన్ ఐరన్’ ఇస్త్రీపెట్టె. ‘రూమ్’ అంటే చోటు, ‘ఎ రూమ్’ అంటే గది. ఉచ్చారణ సంగతి ఒక పీరియడ్‌లో అయిపోతుంది. రాత ఒకటే అయినా ‘లీడ్’ అంటే నడిపించు, ‘లెడ్’ అంటే సీసం. ‘రికార్డ్’, ‘ప్రెజెంట్’, ‘ఆబ్జెక్ట్’, ‘పర్మిట్’ నామాలైతే మొదటి అక్షరం ఒత్తి పలకాలి, క్రియలైతే రెండోది.

ఇక పర్యాయపదాలు. ఇక్కడ పిల్లలకు పడిపోయిన దురభిప్రాయం ఒక్కటే, పర్యాయపదాలంటే ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కడైనా పెట్టొచ్చని. ముందు దాన్ని వదిలించు. అందుకు మన వరి చాలు. నారు, వరి, ధాన్యం, బియ్యం, అన్నం అని మనకు అడుగడుక్కీ వేరే పేరు. ఇంగ్లీషువాడికి పొలంలో పైరూ, వడ్లూ ‘పాడీ’, ఆడించిన బియ్యమూ వండిన అన్నమూ ‘రైస్’. కొబ్బరి కూడా అంతే. బొండం ‘టెండర్ కోకోనట్’, డొక్క ‘హస్క్’, చిప్ప ‘షెల్’, లోపలి కొబ్బరి ‘కెర్నల్’, ఎండుకొబ్బరి ‘కోప్రా’. ఏ భాష ఎక్కడ గీత గీసిందో పిల్లలకు కళ్ళకు కట్టాలి. తరవాత తెలుగులో ఒకటే మాట ఉండి ఇంగ్లీషులో చీలిపోయేవి తీసుకో. తప్పులన్నీ అక్కడే పుడతాయి.

‘నీడ’ తీసుకో. చెట్టుకింద కూర్చునే చల్లటి నీడ ‘షేడ్’, నేలమీద పడే మనిషి ఆకారం ‘షాడో’. ‘చూడు’కు మూడున్నాయి. కావాలని కళ్ళు తిప్పితే ‘లుక్’, కంటబడితే ‘సీ’, కదిలేదాన్ని కాసేపు గమనిస్తే ‘వాచ్’. ‘చెప్పు’లో ‘టెల్’ వెనక మామూలుగా ఎవరికి అన్నది వెంటనే రావాలి, ‘సే’ వెనక అలా రాదు. ‘సెడ్ మీ’ అని రాసేది ఇది తెలియకే. అప్పు తీసుకుంటే ‘బారో’, ఇస్తే ‘లెండ్’. కానీ కౌలుకు ‘లీజ్’ ఒక్కటే రెండు వైపులా పనిచేస్తుంది. అందుకే ‘హి లీజెస్ ఫైవ్ ఎకర్స్’ అంటే రైతు పుచ్చుకున్నాడో, ఆసామి ఇచ్చాడో తెలియదు. ‘ఫ్రమ్’ గానీ ‘టు’ గానీ చేర్చితేనే తేలుతుంది.

ఇంగ్లీషులో ఒకే పనికి ఇన్ని మాటలెందుకని తెలివైన పిల్లలు అడుగుతారు. చరిత్ర చెప్పు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దొరల ఫ్రెంచి మాటలు వచ్చి చేరాయి, చదువులతో లాటిన్ మాటలు వచ్చాయి. పాత మాటలూ పోలేదు. అందుకే ‘ఆస్క్’, ‘క్వశ్చన్’, ‘ఇంటరాగేట్’ మూడూ ఉన్నాయి. మొదటిది ఇంట్లో, మూడోది పోలీసు స్టేషన్లో. మనకూ నీళ్ళు ఉన్నాయి, జలం ఉంది. దాహమేసి ‘కాస్త జలం ఇవ్వు’ అని ఎవరూ అనరు. బరువైన మాట రాస్తే మార్కులు ఎక్కువ వస్తాయన్న భ్రమ పోగొట్టు. ‘ఐ కమెన్స్డ్ మై బ్రేక్‌ఫస్ట్’ అని రాసిన పిల్లకు ‘బిగాన్’ అని దిద్దు, ఎందుకో చెప్పు.

మాటకు మర్యాద కూడా ఉంటుంది. ‘స్లిమ్’ మెప్పు, ‘థిన్’ మామూలు, ‘స్కిన్నీ’ తరచు ఎత్తిపొడుపు. ‘ఫేమస్’ పేరున్నవాడు, ‘నటోరియస్’ చెడ్డపేరున్నవాడు. ‘చైల్డ్‌లైక్’ అమాయకత్వం, ‘చైల్డిష్’ పిల్లచేష్ట. ప్రతి జాబితాలోనూ పర్యాయపదాల పక్కన ఒక కూడిక గుర్తో తీసివేత గుర్తో పెట్టించు.

జతమాటలు వదలకు. వాన ‘హెవీ’, గాలి ‘స్ట్రాంగ్’, జ్వరం ‘హై’, నిద్ర ‘డీప్’. ‘బిగ్ రెయిన్’లో వ్యాకరణం తప్పేమీ లేదు, ఇంగ్లీషువాళ్ళు అలా అనరంతే. గోదావరి నీటిమట్టం ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ఆ హెచ్చరిక ‘వార్నింగ్’. ‘నోటీస్’ కాదు, ‘అడ్వైస్’ కాదు. దాన్ని ‘ఇష్యూ’ చేస్తారు, వరద తగ్గాక ‘లిఫ్ట్’ చేస్తారు. నామం నేర్పిన రోజే దానితో నడిచే క్రియ నేర్పు.

ఫోనులో పర్యాయపదాల వరస చూసి నచ్చింది ఎత్తి రాసే అలవాటు మీ పిల్లలకీ ఉండే ఉంటుంది. థెసారస్, అంటే పర్యాయపదాల పుస్తకం, అలా వాడటానికి కాదు. 1852లో రోజే అనే ఆయన అచ్చువేసినది భావాలవారీగా కట్టిన పుస్తకం. తెలిసిన మాట నోటికి రానప్పుడు గుర్తు చేయడానికి అది పనికొస్తుంది గానీ, తెలియని మాట నేర్పదు. అందులో దొరికిన మాటను నిఘంటువులో వెతికి, ఉదాహరణ వాక్యం చదివాకే వాడాలి.

పరీక్షలో గీత గీసిన మాటకు పర్యాయపదం అడిగితే ఇలా చేయించు. ముందు ఇచ్చిన నాలుగు జవాబులూ చేత్తో మూసెయ్యాలి. వాక్యం చదివి, ఆ చోట తెలుగులో ఏ మాట పడుతుందో అనుకోవాలి. అప్పుడు చెయ్యి తీసి వెతకాలి. జవాబుల్లో బాగా తెలిసిన అర్థం ఎరగా పెట్టి ఉంటుంది. ‘ఫైన్ డస్ట్’కు ‘గుడ్’ ఉంటుంది, కావాల్సింది మెత్తని పొడి. ‘అడ్రస్ ద ప్రాబ్లమ్’కు చిరునామా ఉంటుంది, కావాల్సింది పరిష్కారానికి పూనుకోవడం. ‘శాంక్షన్’ మరీ ప్రమాదం. బ్యాంకు లోను ‘శాంక్షన్’ చేస్తే అనుమతి, ఒక దేశం మీద ‘శాంక్షన్స్’ పెడితే ఆంక్షలు. ‘ఓవర్‌సైట్’ కూడా పర్యవేక్షణా అవుతుంది, పొరపాటూ అవుతుంది.

ఇక లెక్క. వారానికి నాలుగు మాటలు చాలు, రెండు నానార్థాలకు, రెండు పర్యాయపదాలకు. ఒక్కో మాటకు ఒక పీరియడ్. బోర్డు మీద ఐదు వాక్యాలు రాయి. మొదటి పది నిమిషాలు అర్థం ఊహించనివ్వు, నువ్వు మాట్లాడకు. తరవాత వ్యతిరేకపదాలు, ఆ తరవాత మూలభావం, తెలుగు మాట అన్నిటికన్నా చివర. మొదటే తెలుగు చెప్పేస్తే వాక్యం చదవడం మానేస్తారు. రెండు వందల పేజీల పుస్తకంలో మాటకు రెండు పేజీలు. ఎడమ పేజీలో నువ్విచ్చిన వాక్యాలు, కుడి పేజీ ఖాళీ. ఆ ఖాళీ పేజీలో వాళ్ళు చదివిందో విన్నదో కొత్త వాక్యం దొరికినప్పుడల్లా రాసుకోవాలి. శుక్రవారం పాత మాటలే అడుగు, అర్థం కాదు, వాక్యం అడుగు. పదిహేను రోజులకోసారి, నెలకోసారి వెనక్కి తిప్పు. రెండోసారి చూడని మాట నిలవదు.

నెల తిరిగాక బాగా రాసేవాళ్ళవి రెండు పుస్తకాలు, రాయలేనివాళ్ళవి రెండు పంపు. కుడి పేజీలు చూస్తే ఏ మాట దగ్గర ఆగిపోతున్నారో తెలుస్తుంది. అప్పుడు ఆ మాటల గురించే మళ్ళీ రాస్తాను.

ఆశీస్సులతో,
మావయ్య