గోడనంటిన పాత వాల్‌పేపర్

ప్రశ్న: పడగ్గదిలో పాత వాల్‌పేపర్ లాగితే పైపొర వస్తోంది, తెల్ల కాగితం గోడకే ఉండిపోతోంది. ఏం చేయాలి? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఊడొచ్చేది ప్లాస్టిక్ పొరమ్మా. నీళ్లు దిగనివ్వనిది అదే. ముందు దాన్నంతా పొడిగానే లాగేయండి. మెయిన్ స్విచ్ ఆపి, 5 లీటర్ల వేడినీళ్లలో అర లీటరు వెనిగర్ కలిపి, స్పాంజితో మీటరు వెడల్పున తడపండి. 10-15 నిమిషాలు ఆగండి. గోరుతో గీస్తే కాగితం ముద్దలా జారాలి. అప్పుడు లప్పం రేకును గోడకు పడుకోబెట్టి తోయండి. నిలబెడితే లప్పానికి గాట్లు పడతాయి. లప్పమే మెత్తబడుతుంటే ఆపి, ఆరనివ్వండి. మిగిలిన జిగురును వేడినీళ్లతో కడగడం మాత్రం మానొద్దు, అది ఉంటే కొత్త రంగు పొలుసులుగా లేస్తుంది. మన వైపు అక్టోబరు-డిసెంబరు వానల్లో ఈ పని పెట్టుకోకండి, గోడ ఆరదు.