ఫ్లాటు కొనబోతున్న చిన్నీకి పెద్దమ్మ ఉత్తరం

చిన్నీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితాలన్నీ చూశాను. కూకట్‌పల్లిలో పన్నెండేళ్ల నాటి ఫ్లాటు, మూడో అంతస్తు, 78 లక్షలు. రేటు సంగతి నువ్వూ అల్లుడుగారూ చూసుకోండి, అది నాకు పట్టదు. కాగితాల సంగతి మాత్రం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను. "ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) క్లీన్‌గా ఉంది, బ్యాంకు కూడా లోను ఇస్తానంది, ఇంకేం చూడాలి పెద్దమ్మా" అన్నావు. ఈ ఆస్తిలో హక్కు ఉండి కూడా సంతకానికి రానివాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూడాలి. మిగతా పరీక్షలన్నీ ఆ ఒక్కదాని కోసమే.

ఈసీలో కనపడేది రిజిస్టరైన దస్తావేజులు మాత్రమే. ఇంట్లో బీరువాలో ఉన్న వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా, తండ్రి పోగానే పిల్లలకి చట్టప్రకారం వచ్చిన వాటాలు సాధారణంగా అందులోకి ఎక్కవు. నీ ఈసీలో ఇప్పటికీ అమ్మేవాళ్ల నాన్న, ఆ పోయిన పెద్దాయన పేరే ఉంది చూడు. పైగా నువ్వు ఫ్లాట్ నంబరుతో ఒక్కసారే వెతికించావు. సర్వే నంబరుతో, ప్లాట్ నంబరుతో, పాత ఇంటి నంబరుతో విడివిడిగా తీయించు. ఒకదాంట్లో దొరకనిది ఇంకోదాంట్లో బయటపడటం మా ఆఫీసులో మామూలే. ఆన్‌లైన్‌లో 1983 నుంచే వస్తుంది. ఆ స్థలం అంతకుముందు ఎవరిదో తెలియాలంటే ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల పరిధులు మారుతూ వచ్చాయి కాబట్టి పాత రికార్డు వేరే ఆఫీసులో ఉండొచ్చు, అది కూడా అడుగు.

బ్యాంకు లాయరు బ్యాంకు డబ్బుకి కాపలా, నీకు కాదు. రేపు గొడవొస్తే ఈఎంఐ ఆగదు. నీకంటూ ఒక లాయర్ని పెట్టుకో. బ్రోకరు చూపించిన లాయరు మాత్రం వద్దు. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. అమ్మేవాళ్లు ఇద్దరు అన్నదమ్ములు అన్నావు. ఫ్లాటు వాళ్ల నాన్న స్వార్జితం, ఆయన వీలునామా రాయకుండా పోయారు. అప్పుడు హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమానంగా వాటా వస్తుంది. ఇంకొకరిని అందరూ మర్చిపోతారు: పోయినాయన తల్లి. ఆయన పోయిన రోజుకి ఆ ముసలావిడ బతికుంటే ఆవిడకీ ఒక వాటా ఉన్నట్టే. ఆ తర్వాత ఆవిడ పోయి ఉంటే ఆ వాటా ఆవిడ వారసులకి వెళ్తుంది, అంటే ఈ అన్నదమ్ముల మేనత్తలూ బాబాయిలూ కూడా లెక్కలోకొస్తారు. అందుకే తహసీల్దార్ ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోకుండా ఆ తల్లీకొడుకులిద్దరి మరణ తేదీలూ అడుగు. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, నిజమే. అయినా అడుగు.

వాళ్ల చెల్లెలు డల్లాస్‌లో ఉంది, "దాని పెళ్లికే బోలెడు పెట్టాం, దానికేం ఆశ లేదు" అన్నారని రాశావు. ఆ మాట మా కౌంటర్ దగ్గర వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. కట్నం ఇచ్చినంత మాత్రాన కూతురి వాటా పోదు. అన్నదమ్ముల మీద నమ్మకంతో ఈరోజు ఊరుకున్న ఆడపిల్ల, రేపు వాళ్లతో మాట పట్టింపు వస్తే దావా వేసేది ఆ ఫ్లాటు మీదే. అప్పుడు నోటీసు నీకూ వస్తుంది. కాబట్టి దస్తావేజులో ఆ అమ్మాయీ, వాళ్లమ్మగారూ అమ్మేవాళ్లుగా ఉండాలి. "అమ్మ సాక్షి సంతకం పెడుతుందిలెండి" అని అంటారు, ఒప్పుకోకు. సాక్షి సంతకం అంటే వీళ్లు సంతకం పెట్టడం నేను చూశాను అని మాత్రమే. నా వాటా ఇచ్చేశాను అని కాదు. లేదా ముందుగా అన్నల పేరిట హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేసి ఇమ్మను.

ఆ అమ్మాయి రాలేకపోతే జీపీఏ, అంటే తన బదులు ఇంకొకరు సంతకం పెట్టేందుకు అధికారపత్రం పంపొచ్చు. అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో గానీ నోటరీ ముందు గానీ సంతకం చేయాలి. ఇండియాకి చేరిన మూడు నెలల లోపు ఇక్కడ జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టించాలి. అందులో ఈ ఫ్లాటు వివరాలూ, అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం స్పష్టంగా రాసి ఉండాలి. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే ఆ అమ్మాయికి వీడియో కాల్ చెయ్యి. అనుమానంతో కాదు, ఇచ్చిన మనిషి పోతే జీపీఏ కూడా చెల్లదు కాబట్టి.

బ్రోకరు ఇంకో ఫ్లాటు చూపించి "జీపీఏ మీద అయితే 15 లక్షలు తక్కువ" అన్నాడట కదా. దాని గురించి ఆలోచించనే వద్దు. జీపీఏ కాగితాలతో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది.

ఒరిజినల్ కాగితాలు కళ్లతో చూడు. పెద్దాయన లోను తీసుకుని తీర్చేశారంటున్నారు కాబట్టి బ్యాంకు ఇచ్చిన క్లోజర్ లెటరు, అప్పు విడుదల అయినట్టు ఈసీలో ఎంట్రీ, రెండూ కావాలి. "ఒరిజినల్స్ పోయాయండి" అంటే మాత్రం ఆగు. పోయాయా, ఇంకో బ్యాంకులో ఉన్నాయా? తాకట్లు నమోదయ్యే సెర్సాయ్ వెబ్‌సైటులో వెతికించు. మీ లాయరుతో పేపర్లో ప్రకటన కూడా వేయించు.

బిల్డర్ నాటి సంగతులు రెండున్నాయి. స్థలం ఓనర్లకీ బిల్డర్‌కీ జరిగిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో నీ ఫ్లాటు ఎవరి వాటాకి వచ్చిందో చూడు, అమ్మినవాడు అదే మనిషై ఉండాలి. రెండోది చాలామందికి తెలియదు. హైదరాబాద్‌లో పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టే విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టించుకుంటారు. రూల్స్ ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెచ్చుకుంటేనే అది విడుదల అవుతుంది. ఆ 10 శాతంలో నీ ఫ్లాటు ఉందేమో, ఉంటే విడుదలైందో లేదో కనుక్కో. శాంక్షన్ ప్లాన్ చేతిలో పెట్టుకుని అంతస్తులు లెక్కపెట్టు. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ కట్టకూడని బఫర్ కూడా చూడు. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఆ మాట నేను ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని లేకుండా పోయింది.

డబ్బు దగ్గరికొద్దాం. అగ్రిమెంటు రాసుకోకుండా బయానా ఇవ్వకు. ఇచ్చినా చిన్న మొత్తమే ఇవ్వు, టైటిల్ (యాజమాన్య హక్కు) తేలకపోతే ఇన్ని రోజుల్లో తిరిగి ఇస్తామని రాయించుకుని. ఇరవై వేలు, ఆ పైన నగదు తీసుకోవడం చట్టవిరుద్ధం. వాళ్లు అడిగిన పది లక్షల క్యాష్ సంగతి అక్కడితో సరి. రేపు బేరం చెడితే ఆ పది లక్షలు ఇచ్చానని ఎవరికి చూపిస్తావు? ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకి ఇచ్చే డబ్బులోంచి ఆదాయపన్ను) మీరే కోసి కట్టాలి, అమ్మే ఒక్కొక్కరి పేరునా విడిగా. డల్లాస్ అమ్మాయి ఎన్నారై అయితే ఆవిడ వాటాకి ఈ 1 శాతం లెక్క కుదరదు, చాలా ఎక్కువ పడుతుంది. ముందే ఆడిటర్ని కలువు. రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం 7.5 శాతం, అంటే 5 లక్షల 85 వేలు పక్కన పెట్టుకోండి. పాత ఫ్లాటు కాబట్టి జీఎస్టీ ఉండదు.

రిజిస్ట్రేషన్ రోజు సంతకాల కంటే ముందు వివరాలు సరిచూసుకోమని చెక్ స్లిప్ ఇస్తారు. అందరూ ఫోనులో మాట్లాడుకుంటూ టిక్కు పెట్టేస్తారు. నువ్వు మాత్రం ఆస్తి వివరాలుండే షెడ్యూలు పేజీ తీసి, పాత దస్తావేజు పక్కన పెట్టుకుని వేలు పెట్టి చదువు: ఫ్లాట్ నంబరు, అన్‌డివైడెడ్ షేరు (స్థలంలో ఫ్లాటుకి వచ్చే వాటా) ఎన్ని గజాలో, నాలుగు హద్దులు, పార్కింగ్ నంబరు, ఇంటిపేర్ల స్పెల్లింగు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా. 302ని 203 అని టైపు చేస్తే తర్వాత సవరణ దస్తావేజు రాయించుకోవాలి. దానికి అమ్మినవాళ్లంతా మళ్లీ రావాలి. డబ్బు ముట్టాక ఎవరొస్తారు చెప్పు?

తర్వాత ఆస్తి పన్ను, కరెంటు, నల్లా కనెక్షన్ మీ పేరుకి మార్పించుకోండి, సొసైటీ నుంచి బాకీ లేదన్న లెటరు తెచ్చుకోండి. అవి అల్లుడుగారు చూసుకుంటారు.

లింకు డాక్యుమెంట్లు (ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు) ఫోను ఫొటోలు తీసి పంపావు, సగం పేజీల్లో స్టాంపు వెనక రాతలు కనపడటం లేదు. స్కాన్ చేయించి, వెనక పేజీలతో సహా మళ్లీ పంపు. అవి చూసేదాకా బయానా ఆపండి.

నీ పెద్దమ్మ