మళ్ళీ కోర్టు మెట్ల దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికా తిరుగుబాట్ల మీద నీవు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1786లో మసాచుసెట్స్ రైతులు చేసిన షేస్ తిరుగుబాటు మొదలుకొని 1932లో వాషింగ్టన్‌లో గుడారాలు వేసుకున్న మాజీ సైనికుల దాకా అందరినీ ఒక్క వ్యాసంలోకి తెచ్చావు. నీవు పడిన శ్రమ తెలుస్తూనే ఉంది కాని, ఒక్క మనిషి ముఖమూ కంటికి కట్టలేదు. మిగిలినవన్నీ పక్కన పెట్టి, మొదటిదాన్ని ఒక్కదాన్నే తీసుకొని మళ్ళీ రాయమని నా సలహా.

రైతులు పన్నులను వ్యతిరేకించి తిరగబడ్డారని ఒక్క ముక్కలో తేల్చేశావు. వాళ్ళ చేతిలో నాణెం లేకపోవడం దగ్గర ఆగి ఉండవలసింది. స్వాతంత్ర్య యుద్ధం ముగిశాక మసాచుసెట్స్ ప్రభుత్వం యుద్ధకాలపు అప్పులు తీర్చడానికి భారీగా పన్నులు వేసి, వాటిని వెండి, బంగారు నాణేల్లో కట్టమంది. అదే సమయంలో విదేశీ వర్తకులు బాస్టన్ వర్తకులను, వాళ్ళు ఊళ్ళలోని దుకాణదారులను, దుకాణదారులు ధాన్యమూ పశువులూ ఇచ్చిపుచ్చుకొని బతికే పశ్చిమ ప్రాంతపు రైతులను రొక్కం కోసం నిలదీశారు. కట్టలేనివాడి గొడ్డూ గోదా జప్తయ్యేవి, కొందరు జైలుకూ పోయారు.

అందుకే వాళ్ళు ఎవరి ఇంటి మీదికో పోకుండా కోర్టు మీదికి పోయారు. 1786 ఆగస్టు 29న నార్తాంప్టన్‌లో వందలాది మంది కోర్టును చుట్టుముట్టి న్యాయమూర్తులను కూర్చోనివ్వలేదు. కోర్టు కూర్చోకపోతే తీర్పు లేదు, తీర్పు లేకపోతే జప్తు లేదు. వాళ్ళలో చాలామంది యుద్ధం చేసి వచ్చినవాళ్ళే కనుక బారులు తీరి నడవడం తెలుసు. తిరగబడ్డవాళ్ళు టోపీలో పచ్చని కొమ్మ గుచ్చుకుంటే, ప్రభుత్వం వైపు నిలిచినవాళ్ళు తెల్ల కాగితం ముక్క పెట్టుకున్నారు. నీ వ్యాసంలో ఆ కొమ్మా లేదు, ఆ కాగితమూ లేదు.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త పడాలి. వాళ్ళు తమను తాము రెగ్యులేటర్లమని, అంటే దారితప్పిన పాలనను సరిదిద్దేవాళ్ళమని చెప్పుకున్నారు. మన మన్యంలో జరిగినవాటిని సర్కారు కాగితాలు పితూరీలని రాస్తే ఆ మాటే మన నోళ్ళలోనూ నిలిచిపోయింది కదా! డేనియల్ షేస్ నాయకులలో ఒకడు మాత్రమే. యుద్ధంలో కెప్టెన్‌గా పనిచేసి, అమెరికా పక్షాన పోరాడిన ఫ్రెంచి సేనాని లాఫయెట్ బహూకరించిన కత్తిని డబ్బు అవసరానికి అమ్ముకున్నవాడు.

1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం దగ్గర జరిగినదాన్ని నెమ్మదిగా రాయి. నదికి అవతల తన మనుషులతో ఉన్న మరో నాయకుడు లూక్ డే తాను ఆ రోజు రాలేనని, మర్నాడు కదులుతానని షేస్‌కు చీటీ పంపాడు. అది షేస్‌కు చేరకుండా ఆయుధాగారాన్ని కాపాడుతున్న ప్రభుత్వ పక్షపు జనరల్ షెపర్డ్ మనుషుల చేతిలో పడింది. అవతలి నుంచి సాయం వస్తుందనుకొని మంచులో ముందుకు నడిచినవాళ్ళ మీద ఫిరంగులు పేలాయి. నలుగురు చనిపోయారు, మిగిలినవాళ్ళు చెల్లాచెదురయ్యారు. ప్రభుత్వం తరఫున వాళ్ళను తరిమిన జనరల్ బెంజమిన్ లింకన్ సైన్యానికి ఖజానా నుంచి డబ్బు రాలేదు, బాస్టన్ వర్తకులు తలా ఇంత వేసుకొని ఇచ్చారు. రైతుకు దొరకని రొక్కం రైతును తరమడానికి దొరికిందన్న ఈ సంగతిని నీవు ఎలా వదిలేశావో నాకు అర్థం కాలేదు. వ్యాసానికి ఇదే గుండెకాయ.

రాజ్యాంగ రచనకు ఈ తిరుగుబాటు తోడ్పడిందని రాశావు. అది నిజమే, కాని ఆ తొందరలో రాజ్యాంగం రాసిన ఫిలడెల్ఫియాకు పరుగెత్తి ఊళ్ళను మరచిపోయావు. షేస్‌కు 1788లో క్షమాభిక్ష దొరికింది. జాన్ బ్లై, చార్లెస్ రోజ్ అనే ఇద్దరిని మాత్రం 1787 డిసెంబరులో ఉరితీశారు. వాళ్ళ మీద మోపిన నేరం తిరుగుబాటు కాదు, ఇంట్లో చొరబడి దోచుకోవడం. వీళ్ళ పేర్లు నీ వ్యాసంలో ఎక్కడా లేవు. తిరగరాసి పంపు, చదువుతాను.