ఇమ్మిగ్రేషన్ కోర్టు క్లర్క్‌షిప్ తర్వాత పిలుపులు రాకపోతే

అమెరికా ఇమ్మిగ్రేషన్ కోర్టులో రెండేళ్ల క్లర్క్‌షిప్ (న్యాయమూర్తికి పరిశోధనలో, తీర్పుల ముసాయిదాలో సాయపడే న్యాయ ఉద్యోగం) ముగియవస్తున్నా హెచ్‌-1బీ వీసాలు చూసే న్యాయ సంస్థల నుంచి మీకు ఇంటర్వ్యూ పిలుపు రాకపోవడానికి ప్రధాన కారణం, బహుశా, ఆ కోర్టుకు ఉద్యోగ వీసాల దరఖాస్తులు రాకపోవడమే. అక్కడ విచారించేది దేశ బహిష్కరణ, ఆశ్రయం కేసులను.

1. కాబట్టి ఈ అనుభవం పనికొచ్చే చోట్లకు, అంటే ఫెడరల్ అప్పీలు కోర్టుల క్లర్క్‌షిప్‌లకు, న్యాయశాఖలో ప్రభుత్వం తరఫున ఇమ్మిగ్రేషన్ కేసులు వాదించే ఇమ్మిగ్రేషన్ లిటిగేషన్ కార్యాలయానికి, ఆశ్రయం కోరేవారి పక్షాన వాదించే స్వచ్ఛంద సంస్థలకు దరఖాస్తు చేయండి. ఇలాంటి అప్పీళ్లు అత్యధికంగా చేరే తొమ్మిదో సర్క్యూట్‌ను (పశ్చిమ రాష్ట్రాల ఫెడరల్ అప్పీలు కోర్టును) తప్పక చేర్చండి.

2. చాలామంది విస్మరించేది దరఖాస్తుతో పంపే రచనా నమూనా. మీరు ముసాయిదా రాసిన తీర్పును జతచేయాలంటే, కోర్టును వదలకముందే న్యాయమూర్తి నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఆశ్రయ దరఖాస్తుల గోప్యతను ఫెడరల్ నిబంధన 1208.6 కాపాడుతోంది కాబట్టి పేరు, ఏ-నంబరు (ఇమ్మిగ్రేషన్ అధికారులు విదేశీయుడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) మాత్రమే కాక, ఊరు, పార్టీ పదవి, దాడి జరిగిన తేదీ వంటి మనిషిని గుర్తుపట్టగల ప్రతి వివరాన్నీ తొలగించండి. ఒక్క ఆధారం బయటపడినా స్వదేశంలోని కుటుంబం ప్రమాదంలో పడవచ్చు. అందుకే దీనిని లాంఛనంగా భావించకూడదని నా గట్టి అభిప్రాయం.

3. ఏ సంస్థతోనైనా ఉద్యోగ చర్చలు మొదలైతే, దాని కేసుల నుంచి తప్పుకోవడం గురించి కార్యాలయ ఎథిక్స్ అధికారిని ముందే సంప్రదించండి.