కూరగాయల చెక్కపెట్టెకు ఏ పూత వేయాలి?

ప్రశ్న: మేడ మీద టమాటా, ఆకుకూరలు వేద్దామని పాత ఇంటి టేకు తలుపులతో రెండు పెట్టెలు చేయించాం. ఒక్కోటి 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, అడుగు లోతు. కొన్ని పలకలకు పాత రంగు ఇంకా ఉంది. లోపల చెదలమందు కొట్టి, బయట వాడేసిన ఇంజిన్ ఆయిల్ పూస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదని వడ్రంగి అంటున్నాడు. పూయించవచ్చా?
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: రెండూ వద్దు. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో అరిగిన లోహాలు, క్యాన్సర్ కారక హైడ్రోకార్బన్లు ఉంటాయి. నీళ్లు పోసినప్పుడల్లా కొంత మట్టిలోకి దిగుతుంది. చెదలమందూ కూరగాయల వేళ్ల దగ్గర ఉండాల్సింది కాదు.

అంతకన్నా ముందు ఆ పాత రంగు సంగతి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగుల్లో చాలా ఎక్కువే ఉండవచ్చు. గీకినా, ఉప్పుకాగితం పట్టినా ఆ దుమ్ము పిల్లలకు ప్రమాదం. రంగున్న పలకల్ని విప్పించి వేరేవి వేయించండి.

చెక్క కుళ్లేది తడి ఆరకపోవడం వల్ల. టేకులో ముదురు రంగు చేవ చాలాకాలం ఆగుతుంది, అంచుల్లోని లేతరంగు చెక్కే ముందు పోతుంది. పూతకు పచ్చి అవిసె నూనె మంచిది. డబుల్ బాయిల్డ్ రకంలో త్వరగా ఆరడానికి కోబాల్ట్, మాంగనీస్ లవణాలు కలుపుతుంటారు, అది వద్దు. ఆముదం, వేపనూనె గట్టిపడవు, జిడ్డుగా ఉండిపోతాయి.

పల్చగా మూడు కోట్లు వేయండి. పూసిన 20 నిమిషాలకు పైన మిగిలిన నూనెను పూర్తిగా తుడవాలి, లేకపోతే బంకలా మిగులుతుంది. కోటుకూ కోటుకూ మధ్య వారం ఆగండి. నీటిని ఎక్కువగా పీల్చేవి పలకల కొసలు. అక్కడ రెండింతలు పట్టించండి. పెట్టెకు సుమారు లీటరు పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లోనే ముగించాలి. వానల్లో నూనె ఆరదు, నల్లబూజు పడుతుంది. చివరి కోటు తర్వాత రెండు మూడు వారాలకు మట్టి నింపండి.

ఒక ముఖ్యమైన జాగ్రత్త: నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి నిప్పంటుకోవచ్చు. నీళ్లలో ముంచి, విడివిడిగా పరిచి ఆరబెట్టాకే పారేయండి.

లోపలి గోడలకు హెచ్‌డీపీఈ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) షీటు వేయండి, పాత ఫ్లెక్సీ బ్యానర్లు వద్దు. అడుగున షీటు వేయకుండా, జానెడుకొకటి చొప్పున చిటికెనవేలు పట్టే రంధ్రాలు పెట్టించండి. పెట్టెను ఇటుకల మీద 3 అంగుళాల ఎత్తున నిలపండి: కింద గాలి ఆడుతుంది, చెదలు ఎక్కితే మట్టిదారి కనిపిస్తుంది. తడిసిన పెట్టె 250 కిలోలు దాటుతుంది కనుక శ్లాబు మధ్యలో కాకుండా బీము మీదుగా పెట్టండి.

ప్రశ్న: గోదాముల్లో దొరికే పాలెట్ (సరుకు పేర్చే చెక్క చట్రం) చెక్క పనికొస్తుందా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: హెచ్‌టీ ముద్ర ఉంటే వేడితో శుద్ధి చేసినది, వాడొచ్చు. ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ పొగ పట్టినది, వద్దు. ముద్ర లేనిదీ, నూనె మరకలున్నదీ తీసుకోకండి. ఏ రసాయనం ఒలికిందో చూసి చెప్పలేం.