హిమోగ్లోబిన్ 11.4 ఉన్నా ఐరన్ లోపం ఉండొచ్చా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, ఐదో నెల. విశాఖపట్నం గాజువాకలో ఉంటాం. హిమోగ్లోబిన్ 11.4 ఉంది, రక్తం బాగానే ఉందన్నారు. కానీ ఒకటే నీరసం, మెట్లెక్కితే ఆయాసం, పచ్చి బియ్యం తినాలనిపిస్తోంది. ఎర్ర మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందని మానేశాను. మా తోడికోడలు ఫెర్రిటిన్ టెస్టు చేయించుకోమంటోంది. మావారిది రోజు కూలి. ఆ ఖర్చు అవసరమా?

జవాబు: అమ్మా, పచ్చి బియ్యం సంగతి రాసి మంచి పని చేశారు. చాలామంది సిగ్గుపడి డాక్టరుకు చెప్పరు. బియ్యం, బలపాలు, మట్టి తినాలనిపిస్తే ఇంట్లోవాళ్లు వేవిళ్ల కోరికేలే అని వదిలేస్తారు. ఒంట్లో ఐరన్ తగ్గినప్పుడు తరచూ కనిపించే లక్షణం అది.

గర్భిణికి హిమోగ్లోబిన్ 11 ఉంటే రక్తహీనత లేదంటాం. మీకు చెప్పింది తప్పు కాదు. అయితే హిమోగ్లోబిన్ గిన్నెలో ఉన్న అన్నం లాంటిది. గాదెలో ధాన్యం ఎంత మిగిలిందో చెప్పేది ఫెర్రిటిన్. గాదె అడుగంటాకే గిన్నెలో తరుగు కనిపిస్తుంది. గర్భం మొత్తానికి సుమారు 1000 మిల్లీగ్రాముల ఐరన్ కావాలి, అందులో ఎక్కువ భాగం ఇకముందు నెలల్లోనే. బిడ్డ మెదడు ఎదగడానికీ, కాన్పులో రక్తం పోతే మీరు తట్టుకోవడానికీ అది అవసరం.

ముందు పైసా ఖర్చు లేని పని చేయండి. మీకు సీబీపీ (రక్తకణాల పరీక్ష) చేసి ఉంటే ఆ రిపోర్టు తీసి చూడండి. ఎంసీహెచ్ (ఒక్కో ఎర్రకణంలో ఉండే హిమోగ్లోబిన్) 27 కంటే తక్కువగా, ఆర్‌డీడబ్ల్యూ (ఎర్రకణాల సైజుల్లో తేడా) 14.5 కంటే ఎక్కువగా ఉంటే ఐరన్ లోపాన్ని గట్టిగా అనుమానించాలి. ఎంసీవీ (ఎర్రకణం సగటు సైజు) 80 దాటిందని ధీమాగా ఉండొద్దు, గర్భంలో అది మామూలుగానే కాస్త పెరుగుతుంది. ఎంసీవీ మరీ తక్కువగా ఉండి ఆర్‌డీడబ్ల్యూ మామూలుగా ఉంటే మాత్రం తలసీమియా ట్రెయిట్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తలోపం) ఉందేమో డాక్టరు చూడాలి.

సీబీపీ బాగున్నా తొలిదశ లోపం అందులో దొరక్కపోవచ్చు. అందుకే, మీ లక్షణాలకు ఫెర్రిటిన్ ఒక్కసారి చేయించుకోవడం దండగ కాదనే నా అభిప్రాయం. కొన్ని వందల్లో అయిపోతుంది. ల్యాబులో ఐరన్ ప్యాకేజీ అంటారు, అది వద్దు, ఫెర్రిటిన్ ఒక్కటే చాలనండి. 30 కంటే తక్కువ వస్తే లోపం ఉన్నట్టే. 15 లోపు అంటే నిల్వ దాదాపు అయిపోయినట్టు. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు చేయించొద్దు, అంకె పెరిగి లోపాన్ని కప్పేస్తుంది.

డబ్బు కుదరకపోయినా టెన్షన్ పడకండి. మానేసిన మాత్రే ఇక్కడ అసలు సంగతి. ఆ ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు వేసుకోవాలి. ఏఎన్ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) ఉచితంగా ఇస్తారు. పరగడుపున తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. ఒంటికి పట్టేది కొంచెం తగ్గినా, మానేయడం కంటే నయం. టీకీ, కాల్షియం మాత్రకీ దానికీ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. విరేచనం నల్లగా అవుతుంది, భయం లేదు. చోడి అంబలి, తోటకూర మంచివే గానీ ఈ దశలో వాటితోనే గాదె నిండదు.

ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. ఆ రోజు వెళ్లి మాత్ర మానేసిన సంగతి, బియ్యం సంగతి రెండూ చెప్పండి. నెల తర్వాత హిమోగ్లోబిన్ మళ్లీ చూపించుకోండి. మాత్ర వేసుకుంటున్నా అది పడిపోతుంటే, లేదా మాత్ర అసలు పడకపోతే, సెలైన్‌లో ఐరన్ ఎక్కించే మార్గం ఉంది.

కూర్చున్నా ఆయాసం వస్తున్నా, గుండె దడ తగ్గకపోయినా, ముఖం వాచినా 9వ తేదీ దాకా ఆగకండి. ఆ రోజే ఘోషాసుపత్రికో కేజీహెచ్‌కో వెళ్లండి.