టేపు డ్రైవు బిగించబోయే మేనల్లునికి

చిరంజీవి మేనల్లునికి మామ ఆశీస్సులు.

హనుమకొండలోని మీ ఆఫీసులో ఉన్న పాత సన్ కంపెనీ వర్క్‌స్టేషన్ కంప్యూటర్‌కు డీడీఎస్-3 రకం టేపు డ్రైవు (డేటా నకళ్లను టేపు మీద దాచే పరికరం) బిగించే పని నీకు అప్పజెప్పారని అక్క చెప్పింది. ఫోనులో చెబితే సగం మరిచిపోతావు కనుక రాసి పంపుతున్నాను.

యంత్రాన్ని పద్ధతిగా షట్‌డౌన్ చేసి, కరెంటు పూర్తిగా ఆపిన తరువాతే స్కజీ కేబుల్ ముట్టుకో. డిస్కులను, డ్రైవులను గొలుసులా వరుసగా యంత్రానికి కలిపేది స్కజీ; అందులో ఒక్కోదానికి వేరే నంబరు ఉండాలి. ఆ కాలపు సన్ యంత్రాల్లో 7వ నంబరు కంట్రోలర్‌కు, 3 లోపలి డిస్కుకు, 6 సీడీ డ్రైవుకు పోతాయి. టేపుకు 4 ఇవ్వడం ఆనవాయితీ, నువ్వూ అదే పెట్టు. గొలుసు చివర టెర్మినేటర్ (సంకేతాలు వెనక్కి తిరగకుండా ఆపే బిరడా) ఉండాలి. ఇలాంటి సింగిల్ ఎండెడ్ ఫాస్ట్ రకం స్కజీలో కేబుల్ మొత్తం 3 మీటర్లు దాటరాదు, పెట్టె లోపలి కేబుల్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. డ్రైవు ఒకసారి కనబడి మరోసారి మాయమైతే ముందు ఈ రెండూ చూడు.

మొదట డ్రైవుకు, తరువాత యంత్రానికి కరెంటు ఇచ్చి, సొలారిస్ (సన్ ఆపరేటింగ్ సిస్టమ్) లోడు కాకముందే కీబోర్డు మీద స్టాప్, ఏ మీటలు కలిపి నొక్కు. కలిపిన పరికరాలను వెతికే ప్రోబ్-స్కజీ-ఆల్ ఆదేశానికి 4 ఎదురుగా డ్రైవు పేరు వస్తే, బూట్ ఆదేశానికి మైనస్ ఆర్ చేర్చి లేపు. డెవ్ డైరెక్టరీ కింద ఆర్‌ఎంటీలో, డ్రైవును పిలిచే పేర్లయిన డివైజ్ ఫైళ్లు అప్పుడే పుడతాయి. డ్రైవు స్థితి చెప్పే ఎంటీ స్టేటస్ ఆదేశం సరిగా పలికితే బిగింపు ముగిసినట్టే.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచి కావాలి బిడ్డా. డివైజ్ పేరు 0 అని ఇస్తే పని కాగానే టేపు మొదటికి చుట్టుకుంటుంది, 0ఎన్ అని ఇస్తే ఆగినచోటే నిలుస్తుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ఒక్క అక్షరం వదిలేసి డిస్కులోని మూడు భాగాలను (ఫైల్ సిస్టమ్‌లను) వరుసగా యూఎఫ్‌ఎస్‌డంప్ ఆదేశంతో టేపుకు నకలు తీశాను. మూడూ ఏ తప్పూ చూపకుండా ముగిశాయి, కానీ ఒకదాని మీద ఒకటి పడి టేపులో చివరిది మాత్రమే మిగిలింది. డిస్కు పోయిన రోజున అది బయటపడింది. ఇద్దరు సహోద్యోగుల నెలల శ్రమ నా చేతుల మీదుగా పోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకని రాయడం ముగిశాక టేపును తప్పకుండా తిరిగి చదువు. కొన్ని వందల మెగాబైట్ల డైరెక్టరీని టార్ ఆదేశంతో టేపు మీద రాసి, వేరే చోట విప్పి, తేడాలు చూపే డిఫ్ ఆదేశంతో అసలు ఫైళ్లతో పోల్చు. పేర్ల జాబితా వచ్చింది కదా అని ఆగిపోకు. టేపుపెట్టె మీది 24 గిగాబైట్లు కుదింపుతో వేసిన అంచనా, నమ్మదగినది 12 మాత్రమే.

టేపును రాసి చదివే హెడ్ల అమరిక తప్పిన డ్రైవు తాను రాసినది తాను చదువుకుంటుంది, ఇంకో డ్రైవు చదవలేదు. రోహిణి కార్తె ఎండలో టేపును బండి డిక్కీలో పెట్టకు. బతుకమ్మకు ఇంటికి వచ్చినప్పుడు దాన్ని సంచిలో వేసుకొని తీసుకురా. రాసిన తేదీ, వాడిన ఆదేశం, బ్లాక్ సైజు (ఒక్కో విడతలో రాసే డేటా పరిమాణం) అట్ట మీద రాసి ఉంచు. నా దగ్గరున్న డ్రైవులో చదివి చూద్దాం.

నీ మామ